మైలుతుత్తం చుక్క

బొంబాయి, పరేల్
నవంబరు 1942

నర్సమ్మకు యోహాను రాస్తున్న ఉత్తరం.

నాకు ఒంట్లో బాగుంది. నీకు, మా అమ్మకు కూడా బాగుండాలని రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను.

రేవులో మూటలు మోసే పని మానేశాను. మమ్మల్ని ఊరి నుంచి పనికి తెచ్చిన గుంపు మేస్త్రీకి కోపం వచ్చింది గాని మల్దకల్ కురుమయ్య నా తరఫున మాట్లాడి సర్దిచెప్పాడు. కురుమయ్యా నేనూ ఒకే గదిలో ఉంటున్నాం. ఆయన పనిచేసే కార్ఖానాలోనే నాకూ పని దొరికింది. దవాఖానాలకు కావలసిన కత్తెరలు, పట్టుకార్లు, కాన్పు సామాను అక్కడ తయారవుతాయి. యుద్ధం వల్ల సీమ సరుకు ఓడల మీద రావడం లేదట, అందుకని ఇక్కడే చేయిస్తున్నారు. అన్నీ తుప్పు పట్టని ఉక్కుతో చేసినవే.

తుప్పు పట్టని ఉక్కు అని పేరే గాని, ఊరికే వదిలేస్తే దానికీ పడుతుంది. ఈ సంగతి ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆకురాళ్లతో రాచేటప్పుడు, పోగరలతో చెక్కేటప్పుడు ఆ పనిముట్ల ఇనుము పొడిపొడిగా దాని ఒంటికి అంటుకుంటుంది. కంటికి కనబడదు. ముందు ఆ పొడి తుప్పు పట్టి, తర్వాత కింద ఉక్కును కూడా గుంటలు చేస్తుంది. అందుకని తయారైన సామానును బాగా కడిగి తేజాబు అనే ఘాటైన ఆసిడులో ముంచాలి. తేజాబు ఆ ఇనుమునంతా కరిగించేస్తుంది, ఉక్కు జోలికి పోదు. బయటికి తీసి నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి ఆరబెడితే, ఉక్కు మీద సన్నటి పొర ఒకటి ఏర్పడుతుంది. ఇక దానికి ఏ భయమూ లేదు. ముంచడం, కడగడం నా పని.

చివర్లో పరీక్ష ఉంటుంది. మనూళ్లో పుండు పడిన గొర్రె కాళ్లకు కురుమోళ్లు మైలుతుత్తం రాస్తారు చూడు, అదే. నీళ్లలో కలిపి సామాను మీద ఒక చుక్క వేస్తారు. ఇనుము ఇంకా మిగిలి ఉంటే ఆ చుక్క కింద రాగి రంగు తేలుతుంది. లేకపోతే ఉక్కు ఉన్నట్టే ఉంటుంది. చుక్క వేసి ప్రతిసారీ ముక్కు తగిలేంతగా వంగి చూస్తాను. కురుమయ్య నవ్వుతాడు.

పని దిగాక సముద్రం దాకా నడిచిపోతాను. బాగుంటుంది. కానీ ఒక్కణ్ణే చూస్తుంటే చూసినట్టే ఉండదు. నువ్వు ఏం చేస్తున్నావో రాయి.

యోహాను


వనపర్తి
డిసెంబరు 1942

మహారాజశ్రీ మా ఇంటివారికి నర్సమ్మ వందనములతో రాసుకొనునది.

మీ ఉత్తరం అందింది. అత్తకు రెండుసార్లు చదివి వినిపించాను. సముద్రం సంగతి, తేజాబు సంగతి అంతా విని, "ఏం తింటుండో రాసిండా?" అని అడిగింది. రాయలేదని చెప్పాను. ఈసారి రాయండి.

నేను కూలికి పోవడం మానేశాను. ఇక్కడి మిషను దవాఖానాలో పని ఇచ్చారు. గుడ్డలు ఉడకబెట్టడం, సామాను ఉడకబెట్టడం, గదులు కడగడం. బరువు పనులు మాత్రం డాక్టరమ్మగారు చెప్పడం లేదు. బోర్డింగు బడిలో చదువుకున్నానని తెలిసి సీసాల మీద పేర్లు కూడా రాయిస్తున్నారు. దవాఖానా వెనక గదిలోనే ఉంటున్నాను. ఆదివారాలు గోపాల్‌పేట పోయి అత్తను చూసి వస్తున్నాను.

మీ ఉత్తరం వచ్చాక ఇక్కడి కత్తెరలను తిప్పి తిప్పి చూశాను. పాతవాటికి పైపూత లేచిపోయి కీలు దగ్గర ఎర్రగా ఉంది. ఎంత తుడిచినా అది పోదు.

మన ఇద్దరు పిల్లల సమాధుల దగ్గర ముళ్లకంప కొత్తగా వేయించాను. మేకలు తొక్కుతున్నాయని అత్త బాధపడింది. పెద్దవాడి దగ్గర తుమ్మ మొక్క ఒకటి మొలిచింది. పీకలేదు.

చలికాలం కదా, ఛాతీకి గుడ్డ కట్టుకుని పోతున్నారా? మీరు కప్పుకునే గొంగడి ఇక్కడే ఉండిపోయింది. నేను కప్పుకుంటున్నాను.

నర్సమ్మ


బొంబాయి
జనవరి 1943

నర్సమ్మా,

మా ఇంటివారికి అని రాశావు. ఎవరికి రాశావో అని మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాను. ఇంట్లో నువ్వు నన్ను ఎట్లా పిలిచేదానివో అట్లా రాయరాదా?

జొన్నరొట్టె దొరకదు. అన్నం, పప్పు తింటున్నామని అమ్మకు చెప్పు. పచ్చడి మాత్రం కురుమయ్య నూరుతాడు, కంట నీళ్లు వచ్చేంత కారంగా.

నీతో ఒక మాట. ఇక్కడ మన పాలమూరు వాళ్లు చాలామంది భార్యలను తెచ్చుకున్నారు. పక్క గది ఖాళీ అవుతోంది. వానలు పడేలోగా నువ్వు వచ్చేయి. ఇక్కడా దవాఖానాలు ఉన్నాయి, నీకు పని దొరుకుతుంది. సాయంత్రాలు నిన్ను సముద్రం దగ్గరికి తీసుకుపోతాను. గట్టు మీద కూర్చుని కాళ్లు వేలాడేస్తే నీళ్లు పాదాల దాకా ఎగురుతాయి. నువ్వు పక్కన కూర్చున్నావని అనుకుని ఎన్నోసార్లు జరిగి కూర్చున్నాను.

రాస్తావు కదూ?

యోహాను


గోపాల్‌పేట
ఫిబ్రవరి 1943

మా ఇంటివారికి,

నేను బాగున్నాను. అత్త బాగుంది. వేరుశనగ తీయడం అయిపోయింది.

నేను ఇప్పుడు రాలేను. ఎందుకని అడగవద్దు. వేసవి వెళ్లనివ్వండి. మీరు కూడా ఇప్పుడు రాకండి, ఆ దారి దూరం, పని పోతుంది.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

నర్సమ్మ


బొంబాయి
మార్చి 1943

నర్సమ్మకు,

నీ ఉత్తరం చూశాను. రావద్దన్నావు, రానన్నావు. సరే.

పక్క గది వేరేవాళ్లు తీసుకున్నారు. పనిలో ఒత్తిడి ఎక్కువైంది. తేజాబు మందుగుండుకు పోతోందట, మాకు సరిగా రావడం లేదు. వాడిందే వాడుతున్నాం.

అమ్మను అడిగానని చెప్పు.

యోహాను


వనపర్తి
జూన్ 1943

యోహానూ,

నువ్వనే రాస్తున్నాను. బోర్డింగు బడిలో నేర్పిన ఆ పద్ధతిలో ఈ మాట రాయడం నాకు చేతకావడం లేదు.

మనకు ఆడపిల్ల పుట్టింది.

ఏప్రిల్ చివర్లో పుట్టింది. ఇన్నాళ్లూ రాయలేదు. నువ్వు బొంబాయి బండెక్కే నాటికి నాకూ తెలియదు. తెలిశాక కలం పట్టుకుని ఎన్నిసార్లు కూర్చున్నానో. మొదటివాడప్పుడు నువ్వు ఊరంతా చెప్పుకున్నావు. రెండవదానికి నీ చేత్తో ఊయల అల్లావు. ఆ పిల్ల మన ముఖాలు గుర్తుపట్టే వేళకు పోయింది. ఆ ఊయల తాళ్లు విప్పుతున్నప్పుడు నీ చేతులు చూశాను. నీకు సంతోషం ఇచ్చి మళ్లీ తీసుకోవడం నా వల్ల కాదనిపించింది. ఈసారి పోతే నా ఒక్కదానికే పోనీ అనుకున్నాను. అందుకే బొంబాయికి రానన్నాను. నువ్వు వస్తే నా పొట్ట చూస్తావని నిన్నూ రావద్దన్నాను. నీ మార్చి ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం తినలేదు. అయినా చెప్పలేదు.

కాన్పు కష్టమైంది. పిల్ల తల ఇరుక్కుందో ఏమో, ఎంతకీ రాలేదు. డాక్టరమ్మగారు పాత కాన్పు పట్టుకారు తెమ్మన్నారు. దాని కీలు తుప్పుతో బిగుసుకుపోయి తెరుచుకోలేదు. సావిత్రమ్మ అని ఇక్కడి నర్సు ఉంది, ఆమె నాగర్‌కర్నూలు దవాఖానా నుంచి కొత్తగా వచ్చిన పెట్టె విప్పి ఇంకొకటి తెచ్చింది. తెల్లగా మెరుస్తోంది. నొప్పిలో కూడా నాకు నువ్వే గుర్తొచ్చావు. దాంతోనే పిల్లను లాగారు. చెవి పక్కన చిన్న నొక్కు పడింది, అదీ మానిపోతోంది.

నిన్న పిల్ల నన్ను చూసి నవ్వింది. పొరపాటున కాదు, చూసే నవ్వింది. సావిత్రమ్మను పిలిచి చూపించాను. ఇక నీకు రాయవచ్చు అనుకుని ఈ కాగితం తీశాను.

అత్త దాన్ని ఒళ్లో వేసుకుని, "అచ్చం వాని నొసలే, గట్లనే ముడుస్తది" అంటోంది. పేరు పెట్టలేదు. నువ్వు రా.

నర్సమ్మ


బొంబాయి
జూలై 1943

నర్సమ్మా,

నీ ఉత్తరం కార్ఖానా గేటు దగ్గర అందింది. అక్కడే చదివాను. కురుమయ్య ఏం చెడ్డ కబురో అని పరుగెత్తుకొచ్చాడు. ఆయన చేతిలో పెట్టి చదువుకోమన్నాను. ఆయనకు చదువు అంతగా రాదు, కూడబలుక్కుంటూ ఆడపిల్ల అన్నచోటికి వచ్చి ఆగిపోయాడు. సాయంత్రం గదిలో అందరికీ బెల్లం పంచాడు.

నీ మీద కోపం లేదు. ఒక్కదానివే అంతా మోశావు. మార్చిలో నేను రాసిన ఉత్తరం చించెయ్యి.

వెంటనే బయలుదేరేవాణ్ణి. ఒక పని మధ్యలో ఉంది, అది అయ్యాక వస్తాను. సంగతి చెబుతాను విను. మొన్న ఒక పెట్టెడు కాన్పు పట్టుకార్లు పరీక్షకు వచ్చాయి. పాత తేజాబులో బలం చచ్చిపోయింది, నేను ముంచినవే అయినా నాకు నమ్మకం లేదు. చుక్క వేశాను. ఎర్రగా రాగి తేలింది. ఇంకోదానికి వేశాను, అదీ అంతే. ఫోర్‌మన్‌కు చూపిస్తే, గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టెయ్యమన్నాడు, ఓడకు పోయే సరుకు, ఎవరు చూస్తారన్నాడు. మామూలుగా అయితే ఏం చేసేవాణ్ణో తెలియదు. నీ ఉత్తరం జేబులో ఉంది. తుడవనని చెప్పాను. కురుమయ్య నా చెయ్యి పట్టుకుని, "ఊకో యోహాను, మనకెందుకు" అన్నాడు. "నా బిడ్డను గిసొంటి దాంతోనే గుంజిన్రు" అన్నాను. ఆయన నా చెయ్యి వదిలేశాడు.

ఫోర్‌మన్ అరిచాడు గాని చివరికి దిగొచ్చాడు. నీకంత పట్టింపు ఉంటే అన్నీ మళ్లీ నువ్వే ముంచు, రెండు రోజుల్లో పెట్టె కదలాలి అన్నాడు. సరేనన్నాను. ఈ పెట్టె పంపగానే సెలవు తీసుకుంటాను. వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి నడిచొచ్చేస్తాను. నువ్వు ఎదురు రావద్దు, పిల్లకు ఎండ తగులుతుంది.

నవ్వితే దాని బుగ్గలు ఎట్లా ఉంటాయో రాయి. వద్దులే, రాయకు. వచ్చి చూస్తాను.

యోహాను


బొంబాయి
ఆగస్టు 1943

నర్సమ్మ గారికి,

యోహాను చెప్పగా రాయించినది. చేతికి చిన్న దెబ్బ తగిలినందున సొంతంగా రాయలేకున్నాను. భయపడవలసినది లేదు. సెలవు దొరకలేదు. వానలు వెనకపట్టాక వస్తాను. పాపకు నా ముద్దులు. అమ్మకు వందనములు.

యోహాను


వనపర్తి
సెప్టెంబరు 1943

యోహానూ,

స్టేషనుకు రోజూ పోయాను. వద్దన్నావు గాని పోయాను. పిల్లకు గొడుగు పట్టుకుని, బండి వచ్చిన ప్రతిసారీ అన్ని డబ్బాలూ చూశాను. తర్వాత ఆ ఉత్తరం వచ్చింది. చేతికి దెబ్బ తగిలిందంటే నమ్మాను. ఏ చేతికో కూడా లేదు అందులో, అయినా నమ్మాను.

పోయిన శనివారం పెబ్బేరు సంతకు అత్తతో పోయాను. అక్కడ పెంటయ్య కనబడ్డాడు, మీ గుంపులో మనిషి, వానాకాలం పనికని ఊరికి వచ్చాడట. ఎద్దుల మధ్య నన్ను చూసి తప్పించుకుపోబోయాడు. పిలిచి నిలబెట్టాను. పిల్ల మీద ఒట్టు వేయించాను.

"నీకు చెప్పొద్దన్నడు అక్కా. చేతికేం కాలే. తేజాబు పొగ మింగిండు. దవాఖాన్ల శానా దినాలు ఉండె. ఇప్పుడు గదికొచ్చిండు గని, మెట్లెక్కాలంటే ఆగి ఆగి ఎక్కుతుండు. పండుకున్నప్పుడు ఊపిరి తీస్తే పక్క గదికి ఇనబడుతది."

అత్త అక్కడే దుమ్ములో కూర్చుండిపోయింది. నేను ఏడవలేదు. నాకు నీ మీద పట్టలేని కోపం వచ్చింది. నేను దాచినందుకు నువ్వు దాచావా? నేను దాచింది నీకు సంతోషమైనా మిగలాలని. నువ్వు దాచింది ఎందుకు?

నీ చేత్తో రాయి. ఒక్క ముక్క అయినా సరే, నీ చేత్తో, ఉన్నది ఉన్నట్టు.

నర్సమ్మ


బొంబాయి
అక్టోబరు 1943

నర్సమ్మా,

నా చేత్తోనే రాస్తున్నాను. మధ్యమధ్య ఆగి రాస్తున్నాను, అందుకే సిరా రంగు మారింది.

ఆ పెట్టె పనిలోనే జరిగింది. పాత తేజాబు త్వరగా పనిచేయాలని ఫోర్‌మన్ తొట్టి కింద మంట పెట్టించాడు. నేను కడిగి వేస్తుంటే ఇంకెవరో కడగని సామాను, ఆకురాయి పొడి అంటుకున్నది అంటుకున్నట్టే, గంపతో కుమ్మరించారు. ఆ ఇనుప పొడి వేడి తేజాబుకు తగిలేసరికి గోధుమరంగు పొగ లేచింది. అందరూ బయటికి పరుగెత్తారు. తొట్టిలో ఉన్నవి తీసి నీళ్లలో వేయకపోతే మొత్తం పాడవుతాయని నేను ఆగాను. గొంతు మండింది, అంతే అనుకున్నాను. సాయంత్రం అన్నం కూడా తిన్నాను. తెల్లారేసరికి మంచం మీద నీళ్లలో మునిగినవాడిలా అయిపోయాను. కురుమయ్య వీపు మీద వేసుకుని దవాఖానాకు చేర్చాడు.

ఆ పట్టుకార్లను తర్వాత కురుమయ్యే పరీక్ష చేశాడు. అన్నిటికీ చుక్క వేశాడట, ఒక్కదాని మీద కూడా రాగి తేలలేదు. దవాఖానాకు వచ్చి నా చెవిలో చెప్పాడు. ఆ మాట విని నాకు ఎంత హాయి అనిపించిందో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

ఎందుకు దాచావని అడిగావు. నేను బాగవుతానని అనుకున్నాను, బాగయ్యాక రావాలనుకున్నాను. ఇక్కడి డాక్టరు కొంత తగ్గుతుంది, అంతా తగ్గదు అంటున్నాడు. నాగలి పట్టలేను, మూట ఎత్తలేను. నేలమీద కూర్చుని లేస్తే ఆయాసం. నా పెంకుటిల్లు కాదు, నా పొలం కాదు, కూలి చేసే ఒళ్లే నా ఆస్తి. ఆ ఒళ్లు లేకుండా మీ మధ్యకు వచ్చి ఏం చేయను? కార్ఖానా గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు. ఇక్కడే ఉంటాను. మీరిద్దరూ ఆ డాక్టరమ్మగారి నీడన ఉండండి.

పిల్లను చూడాలని ఉంది. ఎత్తుకుని నాలుగు అడుగులు వేయలేకపోతే అది ఏడుస్తుందేమో అని కూడా ఉంది. ఎదురింటి వాళ్ల బిడ్డ ఏడుస్తుంటే లేచి కూర్చుంటున్నాను. మన పిల్ల ఏడుపు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు కదా.

నువ్వు కోపంగా రాసిన ఉత్తరమే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. నీ గొంతు వినబడుతోంది.

యోహాను


వనపర్తి
నవంబరు 1943

యోహానూ,

నీ ఉత్తరం డాక్టరమ్మగారికి చదివి చెప్పాను. నీకు తెలియకుండా చేయడం ఇదే ఆఖరు. ఆమె చాలా ప్రశ్నలు అడిగారు, కొన్నిటికి పెంటయ్యను పిలిపించి అడిగారు. సముద్రపు తేమ అటువంటి ఛాతీకి మంచిది కాదట. మన మెట్ట గాలి పొడిగాలి, ఇక్కడ మెల్లగా తెరిపిన పడవచ్చు అన్నారు. పూర్తిగా బాగవుతావని మాత్రం అనలేదు. నేను అడిగితే తల అడ్డంగా ఊపారు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను కదా, నేనూ అట్లాగే రాస్తున్నాను.

నాగలి పట్టలేవని, మూట ఎత్తలేవని రాశావు. అవి నేను చేస్తాను, ఇప్పుడూ చేస్తున్నాను. నీ దగ్గర నాకు కావలసినవి వేరే ఉన్నాయి. సాయంత్రం పని దిగి వచ్చాక ఆ పూట జరిగిందంతా చెప్పుకోవడానికి మనిషి కావాలి. ఏడాది నుంచి గోడకు చెబుతున్నాను. అత్తకు చెబితే సగం వినకముందే నీ పేరెత్తి ఏడుస్తుంది. పిల్ల పక్కకు దొర్లడం నేర్చుకున్న రోజు నేను చుట్టూ చూశాను, ఎవరూ లేరు. అది నా ఒక్కదాని కళ్లతో చూడవలసింది కాదు.

నువ్వు ఒక్కడివే రైలెక్కి రాలేవు. రావాలని నీకున్నా ఏదో ఒక సాకు చెప్పుకుని ఆగిపోతావు. నిన్ను నేను ఎరుగుదును. అందుకని నేనే వస్తున్నాను.

సంకోచిస్తూనే ఈ మాట డాక్టరమ్మగారితో చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "పని ఎక్కడికీ పోదు, నువ్వు పోయి అతన్ని తీసుకురా" అని తన దొరసాని తెలుగులో నెమ్మదిగా అన్నారు. అత్త జొన్నపిండి విసిరి మూట కట్టింది. తానూ వస్తానంది, మోకాళ్లు సహకరించక ఆగింది. "వాన్ని పండుకోవెట్టుకోని తీస్కరా బిడ్డా, కూసోవెడితే ఆయాసపడుతడు" అని పదిసార్లు చెప్పింది.

పెంటయ్య గుంపు ఎల్లుండి గద్వాల నుంచి బయలుదేరుతోంది. ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లతోనే ఎక్కుతున్నాను. పిల్లను వీపుకు కట్టుకుంటాను. రైలెక్కడం అంటే ఏమిటో తెలియదు దానికి, నాకు కూడా అంతే అనుకో. గదికి దారి పెంటయ్యకు తెలుసు. నువ్వు స్టేషనుకు రావద్దు, మెట్లు దిగవద్దు. తలుపు తీసి పెట్టుకుని ఉండు.

ఈ కాగితం నాకంటే ముందు నీకు చేరుతుందనే ఆశ. చేరినాక జవాబు రాయకు. చదవడానికి నేను ఇక్కడ ఉండను.

నర్సమ్మ